కర్నూలు పేరున్న ఖడ్గమృగం

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు నర్సీపట్నం వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాడు. ఆదిమానవులు ఓ మామత్‌ను చుట్టుముట్టి ఈటెలు విసురుతున్నారు. ఉన్నట్టుండి అడిగాడు: "మావయ్యా, మనోళ్లు కూడా ఇలా ఏనుగుల్ని వేటాడేవాళ్లా?"

నవ్వేశాను గానీ నాకు జవాబు తెలీదు. వెతకడం మొదలుపెడితే ఆ దారి జర్మనీలో మొదలై మన బేతంచెర్లలో తేలింది.

ఏనుగు పక్కటెముకల్లో ఈటె

1948లో జర్మనీలోని లేరింగెన్‌లో ఓ ఏనుగు అస్థిపంజరం బయటపడింది. దాని పక్కటెముకల మధ్య చెక్క ఈటె! సుమారు 1,20,000 ఏళ్ల కిందట నియాండర్తల్ మనుషులు చేసిన వేట అది. ఆ ఏనుగు జాతి ఇప్పుడు లేదు. దాని దగ్గరి చుట్టం ఒకటి మన దేశంలోనూ తిరిగింది. నర్మద లోయలో, నాసిక్ వైపు గోదావరి ఒడ్డున దాని శిలాజాలు దొరికాయి.

మన గవుల్లో ఏముంది?

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వారు. దుప్పి, కణుజు, అడవిపంది ఎముకలతో పాటు ఖడ్గమృగానివీ దొరికాయి. 1886లో లైడెక్కర్ దానికి 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టాడు. అవును, మన కర్నూలు పేరే!

అయితే గుహలో ఎముక దొరికినంత మాత్రాన వేట జరిగినట్టు కాదు. చిరుతలు వేటను లాక్కొస్తాయి, ముళ్లపందులు ఎముకల్ని తెచ్చుకుని కొరుకుతాయి. రాతి కత్తి గాటు ఉంటేనే అక్కడ మనిషి చెయ్యి పడ్డట్టు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి తవ్విన ముచ్చట్ల చింతమాను గవిలో జంతువుల ఎముకలతో పాటు రాతి పనిముట్లు, ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి. మనిషీ జంతువూ ఒకే చోట మసిలారన్నమాట.

చంపారు, కానీ తుడిచిపెట్టలేదు

అసలు ఆశ్చర్యం ఇక్కడుంది. బిల్లసర్గం శిలాజాలపై 2014లో వచ్చిన పరిశోధన ప్రకారం, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా ఉపఖండంలో బతుకుతూనే ఉన్నాయి. 2021లో అద్వైత్ జుకర్ బృందం ఇంకో లెక్క చెప్పింది: గత 50 వేల ఏళ్లలో ఇక్కడ అంతరించిన పెద్ద జంతువులు నాలుగే. రెండు ఏనుగు జాతులు, ఒక నీటిగుర్రం, ఒక అడవి గుర్రం. అమెరికా ఖండాల్లో పోయినవాటితో పోలిస్తే ఇది చాలా తక్కువ.

కారణం? చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో దొరికిన రాతి పనిముట్ల వయసు 15 లక్షల ఏళ్లు. అంతకాలం మనిషి పక్కనే పెరిగిన జంతువులు అతన్ని చూసి జాగ్రత్తపడటం నేర్చుకున్నాయని ఆ పరిశోధకుల ఆలోచన. అమెరికాలో మాత్రం మనిషి ఉన్నట్టుండి ఊడిపడ్డాడు.

ఈటెలకు తట్టుకున్న జంతువులు తుపాకీకి, గొడ్డలికి తట్టుకోలేకపోయాయి. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. కర్నూలు పేరున్న ఖడ్గమృగం ఇప్పుడు ఆంధ్రా అడవుల్లో లేదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆగి అన్నాడు: "అయితే మావయ్యా, ఈటె పట్టుకున్నోళ్లే నయమా?"

ఈసారి నాకు నవ్వు రాలేదు.