ఆపద్రక్షకులును పన్ను రాయితీలును

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట అవివేకమని మన పెద్దలు చెప్పియున్నారు. బావి ముందే త్రవ్వితిమనుకొందము. నీరు తోడువా డెవ్వడు? అతని నూరిలో నిలుపుకొనుట యెట్లు? ఈ ప్రశ్నను మేము పాఠకుల ముందుంచుచున్నాము.

పినపాక మండలమునే చూడుడు. ఒక ప్రక్క గోదావరి, వేరొక ప్రక్క అడవి, నడుమ కోయ గూడెములు. చేరువనే మణుగూరు బొగ్గు గనులు, 1,080 మెగావాట్ల భద్రాద్రి తాపవిద్యుత్కేంద్రము, అశ్వాపురము భారజల కర్మాగారము. వేసవిలో తాటాకు గుడిసె కంటుకొన్న నిప్పు, మణుగూరునుండి అగ్నిమాపక శకటము వచ్చు వరకు వేచియుండదు. వానకాలమున వాగు పొంగెనా, 108 వాహన మీవలి యొడ్డుననే నిలిచిపోవును. గర్భిణిని డోలీలో మోసికొని రావలసివచ్చును. 2022 జూలై 16న భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగుల కెక్కెను. 1986లో 75.6 అడుగుల కెక్కిన సంగతి వృద్ధు లిప్పటికిని చెప్పుకొందురు. అట్టి దినములలో మొదటి గంట నాదుకొనువాడు ఊరివాడే గాని దూరపువాడు కాడు.

ఇతర దేశము లేమి చేయుచున్నవి? అమెరికాలో అగ్నిమాపకులలో దాదాపు మూడింట రెండు వంతులవారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. వారి సంఖ్య క్రమముగా తగ్గుటచే న్యూయార్కు రాష్ట్రము అగ్నిమాపక, అంబులెన్సు స్వచ్ఛంద సేవకులకు 200 డాలర్ల ఆదాయపు పన్ను రాయితీ నేర్పరచెను. ఇంటి పన్నులో పదియవ వంతు వరకు తగ్గించుటకు స్థానిక సంస్థల కధికార మిచ్చు చట్టమును 2022లో చేసెను. కెనడా 2011లో, ఏటికి 200 గంటల సేవ చేసినవారికి 3,000 డాలర్ల మొత్తముపై రాయితీ నొసగి, 2024లో దానిని 6,000కు పెంచెను.

ఇది పరదేశపు వింత యని యెవ్వరు ననుకొనవలదు. చెరువు కట్టించినవానికి, గండి పూడ్చినవానికి పన్ను విడిచి యిచ్చిన దశబంధ మాన్యములు మనవి. చెరువు నీరు కాచిన నీరడికి, ఊరు కాచిన సేతుసింధికి ఇనాము భూములిచ్చినది తెలంగాణమే. అయితే ఆ మాన్యముల చాటున వెట్టియు సాగెనని మరువరాదు. సేవ స్వచ్ఛందమై, ప్రతిఫలము చట్టసిద్ధమైన హక్కై యుండవలెను.

అయినను పరుల చట్టమును మక్కికి మక్కి దింపుట తగదు. 2025–26 నుండి క్రొత్త విధానమున 12 లక్షల వరకు సాధారణాదాయము గలవాడు ఆదాయపు పన్ను కట్టనక్కరలేదు. 108 వాహనముపై పనిచేయు సాంకేతికుడు గాని, చోదకుడు గాని ఆ హద్దు దరిదాపులకైన రాడు. పన్నే లేనివానికి పన్ను మినహాయించుట యెండిన చెరువుకు తూము తెరచుట వంటిది. కెనడా రాయితీకిని ఈ లోపమే యున్నది: పన్ను కట్టనివానికి దానివలన దమ్మిడీ లాభము లేదు.

కావున మేము కోరునది మూడంచెల యేర్పాటు. మొదటిది: ఏటికి నిర్ణీతమైన గంటలు సేవ చేసిన ఊరి యువకుని కుటుంబమునకు ఇంటి పన్ను రద్దు. మాజీ సైనికుల యిండ్ల కిట్టి మినహాయింపు మన దేశమున పలుచోట్ల నున్నదే. పంచాయతికి కలుగు లోటును ప్రభుత్వము పూడ్చవలెను. లేకున్న బీద గూడెమే తన రక్షకుని ఖర్చును మోయును. రెండవది: ఇంటి పన్ను స్వల్పమైనచోట రొక్కముగా భత్యము, బీమా. సింగరేణిలో రక్షణ శిక్షణ పొందిన గని కార్మికుడు తన పని తాను చేసికొనుచునే, పిలుపు వచ్చినపుడు గనిలోనికి దిగును. అందుకు భత్యము పొందును. గనికి తగిన పద్ధతి గూడెమునకు తగదా? కేంద్రము 350 జిల్లాలలో లక్షమందికి శిక్షణ నీయ దలపెట్టిన ‘ఆపద మిత్ర’ పథకము మంచి యారంభమే. కాని శిక్షణ పొందినవాడు కూలికై పట్టణమునకు తరలిపోయినచో ఆ విద్య ఊరి కక్కరకు రాదు. మూడవది: ఆపద వేళ పనివానిని జీతము కోయక విడిచిపెట్టిన యజమానికి, ఆ దినముల జీతమునకు మించిన మొత్తము పన్ను లెక్కలో తగ్గింపు.

ఇందుకు ధన మెక్కడిదని కొంద రడుగవచ్చును. భూస్వాములైన పాఠకులారా, మన వ్యవసాయాదాయముపై కేంద్రపు టాదాయపు పన్ను లేదు. అన్నము పండించువాడని దేశము రైతును గౌరవించినది. ఆ గౌరవము ననుభవించుచున్న మనము, గడ్డివామి కంటుకొన్నపుడు పరుగెత్తి వచ్చు కోయ యువకునికి ఇంటి పన్ను మన్నింతుమన్నచో ముఖము చిట్లించుట న్యాయమా?

రాయితీ యొక్కటియే మనుష్యుని నిలుపదు. పనిచేయు పంపు, సకాలమున జీతము, వాగుపై వంతెన కూడ కావలెను. కాని రాయితీ యొక మాట చెప్పును: ఈ ఊరు నిన్ను లెక్కలో నుంచుకొన్నదని. ఆ మాట గోదావరి మరల పొంగక మునుపే చెప్పవలెను.