నెగ్గితే చాలదు.. సగం దాటాల్సిందే!

ఓట్ల లెక్కింపులో ముందు నిలిచినా కుర్చీ ఖాయం కాదు. పోలైన ఓట్లలో సగానికి ఒక్క ఓటైనా ఎక్కువ రావాలి. రాకపోతే ఎమ్మెల్యేలంతా ఒకచోట చేరి, రహస్య బ్యాలెట్ వేసి తేలుస్తారు. అదీ మొదటి ముగ్గురిలో ఎవరినైనా ఎన్నుకోవచ్చు. అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో పాత రాజ్యాంగం పెట్టిన మెలిక ఇది. గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, ట్రెజరర్ పదవులకు ఇదే పద్ధతి. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే అనుకునే మనకు వింతగానే ఉంటుంది మరి.

2024 నవంబరులో సరిగ్గా ఇదే జరిగింది. లెఫ్టినెంట్ గవర్నరు పదవికి రిపబ్లికన్ అభ్యర్థి జాన్ రోడ్జర్స్, అప్పటికి ఆ పదవిలోనే ఉన్న డేవిడ్ జుకర్‌మన్ తలపడ్డారు. రోడ్జర్స్ గతంలో డెమొక్రాట్ సెనేటరే, తర్వాత పార్టీ మారాడు. జుకర్‌మన్ సేంద్రియ కూరగాయలు పండించే రైతు. రోడ్జర్స్‌కు దాదాపు ఆరు వేల ఓట్లు ఎక్కువొచ్చాయి గానీ సగం మార్కు దాటలేదు. బంతి వెళ్లి శాసనసభలో పడింది. అక్కడేమో డెమొక్రాట్లదే మెజారిటీ!

పుదుచ్చేరి ఏలుబడిలో ఉన్న యానాం వాళ్లకు లెఫ్టినెంట్ గవర్నరు అనగానే కేంద్రం పంపే పెద్దమనిషి గుర్తొస్తారు. వెర్మాంట్‌లో అలా కాదు. జనమే ఎన్నుకుంటారు. సెనేటుకు అధ్యక్షత వహించేది ఆయనే. ఇక గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు.

గుప్పెడు జనం.. నూట ఎనభై మంది

2020 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తమ్మీద జనం 6.43 లక్షలు. రాజధాని మాంట్‌పీలియర్‌లో ఎనిమిది వేల మందే. అమెరికా రాష్ట్ర రాజధానుల్లో ఇంతకన్నా చిన్నది లేదు. అయినా దిగువ సభలో 150 మంది, సెనేటులో 30 మంది ఉంటారు. దిగువ సభలో ఒక్కో సభ్యుడి వంతుకు దాదాపు 4,300 మంది జనమే. యానాం ఒక్క నియోజకవర్గంలోనే ముప్పై వేలకు పైగా ఓటర్లున్నారు కదా.. ఆ లెక్కన వెర్మాంట్ ఎమ్మెల్యే మన మోస్తరు ఊరి సర్పంచితో సమానం! రైతులు, టీచర్లు, దుకాణదారులు.. సభ నడిచే నెలల్లో రాజధానికి వెళ్లొస్తారు, తక్కిన రోజుల్లో సొంత పని చూసుకుంటారు. గుమ్మం తొక్కని అభ్యర్థికి ఓటు పడటం కష్టమే.

1965కు ముందైతే ఊరికో సభ్యుడు. సభలో 246 మంది ఉండేవారు. పట్టుమని వంద మంది లేని కొండ పల్లెకూ ఒక్క ఓటే, 35 వేల జనమున్న బర్లింగ్టన్ పట్టణానికీ ఒక్క ఓటే. కోర్టుల తీర్పులతో ఆ పద్ధతి పోయింది.

బడి పన్ను పెట్టిన మంట

2024 ఎన్నికల్లో అసలు రాజకీయమంతా పన్ను చుట్టూనే తిరిగింది. అక్కడ బళ్ల ఖర్చుకు పెద్ద ఆధారం ఇంటి పన్ను. ఏటా మార్చిలో ఊరూరా సభలు పెట్టి బడి బడ్జెట్లకు ఓటేస్తారు. ఆ ఏడాది దాదాపు మూడో వంతు బడ్జెట్లను జనం తిరస్కరించారు. అయినా బడి పన్ను సగటున 13.8 శాతం పెరిగే బిల్లు సభలో నెగ్గింది. రిపబ్లికన్ గవర్నరు ఫిల్ స్కాట్ వీటో చేశారు. మూడింట రెండొంతుల బలం చేతిలో ఉన్న డెమొక్రాట్లు జూన్‌లో ఆ వీటోను కొట్టేశారు.

నవంబరులో ఓటరు బదులు తీర్చాడు. అధ్యక్ష పదవికి డెమొక్రాట్ కమలా హారిస్‌కు నూటికి 63 ఓట్లు వేసిన జనమే, గవర్నరు పదవికి స్కాట్‌కు 73 ఓట్లు వేశారు. సెనేటులో రిపబ్లికన్లు ఏడు నుంచి పదమూడుకు పెరిగారు. దిగువ సభలో 56కు చేరారు. వీటోను కొట్టేసే బలం డెమొక్రాట్లకు పోయింది, మెజారిటీ మాత్రం మిగిలింది. ఇంతకీ స్కాట్ కూడా పార్టీకి కట్టుబడే మనిషేం కాదు. ఆ ఎన్నికల్లో తన ఓటు హారిస్‌కే వేశానని బాహాటంగా చెప్పాడు. ఒకప్పుడు కార్ల రేసులు నడిపిన కాంట్రాక్టరు.. 2016 నుంచి వరసగా అయిదుసార్లు గెలిచాడు.

ఎవరి మాట వినాలి?

సభ ముందుకు ఎన్నిక వచ్చినప్పుడల్లా ఒకటే చిక్కు. సభ్యుడు రాష్ట్రం మొత్తం మీద ముందున్నవాడికి ఓటెయ్యాలా, తన నియోజకవర్గం మొగ్గినవాడికి వెయ్యాలా, తన పార్టీవాడికా? రాజ్యాంగంలో దీనికి జవాబు లేదు. 2014లో డెమొక్రాట్ గవర్నరు పీటర్ షమ్లిన్ ఆధిక్యం 2,434 ఓట్లే. ప్రత్యర్థి స్కాట్ మిల్న్ ‘నియోజకవర్గాల తీర్పు చూడండి’ అంటూ సభకెక్కాడు. 2015 జనవరిలో సభ 110-69 ఓట్లతో షమ్లిన్‌కే పట్టం కట్టింది.

ముందున్నవాణ్ని కాదన్న సందర్భాలూ ఉన్నాయి. 1976లో లెఫ్టినెంట్ గవర్నరు ఎన్నికలో ఓట్లలో ముందున్న డెమొక్రాట్‌ను పక్కనబెట్టి, రెండో స్థానంలోని రిపబ్లికన్‌ను ఎన్నుకున్నారు. గవర్నరు విషయంలో అలా చివరిసారి జరిగింది 1853లో. రెండో స్థానంలో నిలిచిన డెమొక్రాట్ జాన్ రాబిన్సన్‌ను సభ గవర్నరును చేసింది. ఆ తర్వాత మరో డెమొక్రాట్ ఆ పదవికి గెలవడానికి 1962 దాకా, అంటే ఫిలిప్ హాఫ్ వచ్చేదాకా పట్టింది! నూరేళ్లకు పైగా రిపబ్లికన్ల కోటగా ఉన్న గడ్డే ఇప్పుడు అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల కంచుకోట.

2025 జనవరిలో ఉభయ సభలూ కలిసి కూర్చున్నాయి. డెమొక్రాట్లు అనుకుంటే జుకర్‌మన్‌ను గెలిపించుకోవచ్చు. రహస్య బ్యాలెట్ కాబట్టి ఎవరెటు వేశారో బయటికీ రాదు. అయినా ఆ పని చేయలేదు. రోడ్జర్స్‌నే భారీ ఆధిక్యంతో ఎన్నుకున్నారు.

బడి పన్ను గొడవ మాత్రం సద్దుమణగలేదు. చిన్న చిన్న బడి జిల్లాలను కలిపేసే దిశగా 2025లో చట్టం చేస్తే, ఊళ్లో బడి పోతుందేమోనన్న బెంగ పల్లెల్లో మొదలైంది. గవర్నరుకైనా సభ్యులకైనా అక్కడ పదవీకాలం రెండేళ్లే. గవర్నరుకు రెండేళ్ల గడువు పెట్టిన రాష్ట్రాలు అమెరికాలో వెర్మాంట్, పక్కనున్న న్యూహ్యాంప్‌షైర్.. రెండే. 2024 తర్వాత మళ్లీ ఓటు పడే తేదీ 2026 నవంబరు 3.