కారు ఎంత దించాలి? స్ప్రింగు, షాకుల జంట లెక్క

కారు నేలకు దగ్గరగ ఉంటే చూడనీకి మస్తుంటది. మన హాస్టల్‌లో ఈ మాట కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. టైరుకూ ఫెండరుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటే స్పోర్ట్స్ కారు కూడా టాక్సీ లెక్కనే కనిపిస్తది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఒక పోలో జీటీ దొరకంగనే మనోళ్లు అడిగే మొదటి ప్రశ్న: "ఎంత దించొచ్చన్నా?"

దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. దించినంక చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుంది? స్ప్రింగు కంపెనీ బ్రోచరులో మొదటి సంగతి పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది సాధారణంగా ఉండదు. దాన్ని మనమే లెక్క కట్టుకోవాలి.

ముందు ఎవరి పని ఏందో చూద్దాం. కారు బరువును మోసేది స్ప్రింగు. గుంత వచ్చినప్పుడు అది నొక్కుకుపోయి, ఆ శక్తిని దాచుకుని, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. షాక్ అబ్జార్బరు బరువు మోయదు. స్ప్రింగు తిరిగి ఇచ్చే శక్తిని నూనెలో వేడిగా మార్చి ఊగుడు ఆపుతుంది. షాకులు పోయిన జీపు స్పీడ్ బ్రేకరు దాటినంక కూడా ఉయ్యాల ఊగడం అందరం చూసిందే. మెకానికల్ వాళ్లు వైబ్రేషన్స్ పేపరులో గీసే స్ప్రింగ్-మాస్-డ్యాంపర్ బొమ్మ ఇదే.

చోటు తగ్గితే ఏమైతది?

ఒక చిన్న హాచ్‌బ్యాక్ అనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవి. ఒక్కో చక్రం మోసే బాడీ బరువు 300 కిలోలు. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. చక్రం పైకి లేవడానికి ఉన్న చోటు 80 మి.మీ. గట్టిదనంలో సగాన్ని దూరం వర్గంతో గుణిస్తే, స్ప్రింగు అదనంగా మింగగలిగే శక్తి వస్తుంది. ఇక్కడ అది 64 జౌల్స్.

ఇప్పుడు కారును 30 మి.మీ. దించే, 30 శాతం గట్టి స్ప్రింగు వేద్దాం. గట్టిదనం 26 అయింది. చోటు మాత్రం 50 మి.మీ.కి తగ్గింది. మళ్లీ గుణించి చూడండి: 32.5 జౌల్స్. స్ప్రింగు గట్టిపడ్డా గుంతను మింగే శక్తి సగానికి పడిపోయింది! కారణం సింపుల్. సూత్రంలో గట్టిదనం ఒక్కసారే వస్తుంది, దూరం మాత్రం వర్గంగా వస్తుంది. 50 మి.మీ.లోనే పాత 64 జౌల్స్ కావాలంటే స్ప్రింగు గట్టిదనం 51 దాటాలి, అంటే రెండున్నర రెట్లు. అంత గట్టి స్ప్రింగుతో కరీంనగర్ నుంచి వేములవాడ దాకా పోతే గుడిలో మొక్కాల్సింది మన నడుము కోసమే.

స్ప్రింగుతో ఒడవని శక్తి బంప్ స్టాప్ మీద పడుతుంది. అది చిన్న రబ్బరు లేదా ఫోమ్ ముక్క. మలుపులో ఉన్నప్పుడు చక్రం దానికి గట్టిగా కొట్టుకుంటే, ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోతుంది, టైరు పట్టు తప్పుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

మనుషులు ఎక్కితే సంగతేంది? శివరాత్రికో, మేడారం పోయే ముందు రాజన్న దర్శనానికో ఇంటిల్లిపాదీ కారెక్కుతారు. ఒక్కో చక్రం మీద ఇంకో 75 కిలోలు పడ్డాయనుకోండి. పాత స్ప్రింగు దాదాపు 37 మి.మీ. కుంగుతుంది, ఇంకా 43 మి.మీ. చోటు ఉంటుంది. కొత్తది 28 మి.మీ. కుంగుతుంది, మిగిలేది 22 మి.మీ. మాత్రమే. ఒక్కడే డ్రైవ్ చేసినప్పుడు "సూపరుంది" అనిపించిన సెటప్, అమ్మానాన్నలు ఎక్కినప్పుడు వేరే కారైపోతది.

స్పీడ్ బ్రేకర్ జ్యామెట్రీ

స్పీడ్ బ్రేకరుకు కూడా ఒక స్టాండర్డ్ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., వంపు వ్యాసార్థం 17 మీటర్లు. గంటకు 25 కి.మీ. వేగంతో దాటేలా దాన్ని డిజైన్ చేశారు. మన కారు వీల్‌బేస్ 2.47 మీటర్లు అనుకుంటే, నాలుగు చక్రాలూ ఆ హంప్ మీదనే ఉన్నప్పుడు కారు కడుపు కింద హంప్ లేచేది 45 మి.మీ. మాత్రమే. దించిన కారు కూడా హాయిగా దాటుతుంది.

మరి ఊరోళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టే సన్నటి దిబ్బ సంగతి? అది 15 సెం.మీ. ఎత్తుంటే, ముందు చక్రాలు దిగినంక ఆ ఎత్తు మొత్తం కారు కడుపు కిందికే వస్తుంది. 165 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారు ఖాళీగా ఉంటే 15 మి.మీ. తేడాతో బయటపడుతుంది. 30 మి.మీ. దించితే రాసుకుంటది. కాబట్టి స్ప్రింగు ఆర్డరు చేసే ముందు టేపు పట్టుకుని మీరు రోజూ పోయే దారిలోని అన్నిటికంటే చెడ్డ దిబ్బను కొలవండి.

షాకు ఎందుకు మార్చాలె?

స్ప్రింగు 30 శాతం గట్టిపడితే బాడీ ఊగే వేగం సెకనుకు 1.3 సార్ల నుంచి దాదాపు 1.5కి పెరుగుతుంది. ఊగుడును అంతే బాగా ఆపాలంటే షాకు బలం కూడా 1.3 వర్గమూలం మేరకు, అంటే 14 శాతం పెరగాలి. 80 వేల కిలోమీటర్లు తిరిగి నీరసించిన షాకుకు అంత సీను ఉండదు.

రెండో సమస్య పొడవు. దించిన కారులో పిస్టన్ ఎప్పుడూ షాకు అడుగు వైపే ఆడుతుంది. అందుకే పొట్టి షాకులు చేస్తారు. జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ దగ్గర బీ6, బీ8 అని రెండు రకాలున్నాయి. బీ6 అసలు ఎత్తులో ఉండే కారుకు, బీ8 లోయరింగ్ స్ప్రింగులకు సరిపడే పొట్టి రకం. ఐబాక్ కంపెనీ స్ప్రింగుల్లో ప్రో-కిట్ కొంచెమే దించుతుంది, స్పోర్ట్‌లైన్ ఇంకా ఎక్కువ దించుతుంది. పేరు చూసి కాకుండా, ఏ స్ప్రింగుకు ఏ షాకు జంటో చూసి కొనాలి.

కాయిలోవర్ అంటే ఎత్తును మరతో మార్చుకునే స్ప్రింగు-షాకు సెట్టు. కొన్నింట్లో కింది బాడీయే తిరుగుతుంది, కారును దించినా షాకు స్ట్రోక్ తగ్గదు. చవక రకాల్లో స్ప్రింగు కింది పళ్లెం మాత్రమే జరుగుతుంది, దించినకొద్దీ స్ట్రోక్ తినేస్తుంది. షాపులో ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పలేకపోతే బయటికి వచ్చేయండి.

కటింగ్ వద్దే వద్దు

"ఒక చుట్టు కోసేద్దాం తమ్మీ, పైసలు మిగుల్తయ్" అనే మెకానిక్ అన్న ప్రతి ఊళ్లో ఉంటడు. స్ప్రింగు గట్టిదనం చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, నిజమే. కానీ పళ్లెంలో కూర్చోవడానికి చేసిన కొస పోతుంది. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరగొచ్చు. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి స్టీలు టెంపరు కూడా పోతుంది.

దించినంక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, క్యాంబరూ టో రెండూ మారిపోతాయి. మెక్‌ఫర్సన్ స్ట్రట్ కారును మరీ దించితే, కింది ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, రోల్ సెంటరు బాడీ కంటే వేగంగా కిందికి జారుతుంది. అప్పుడు మలుపులో కారు ఇంకా ఎక్కువ ఒరగడానికి చూస్తది! హెడ్‌లైట్ల ఎత్తు కూడా మళ్లీ సరిచేయించాలి.

చట్టం సంగతి కూడా గుర్తుండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అందుకే ముందే ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి పెట్టుకోండి.

మరి ఏం చేయాలె? కారు ఈ రోడ్ల మీదనే తిరగాలంటే ఈ వరుసలో పోవచ్చు. మొదట మంచి టైర్లు. తర్వాత అసలు ఎత్తులోనే కొత్త, కొంచెం గట్టి షాకులు. చాలామందికి కావాల్సిన "పట్టు" ఇక్కడే దొరుకుతుంది. అప్పటికీ మనసు ఆగకపోతే 20 మి.మీ. దాకా దించే స్ప్రింగులు, వాటికి జంటగా కంపెనీ చెప్పిన షాకులు, కొత్త బంప్ స్టాపులతో సహా.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు నేలకు ఆనుకున్నట్టే పరుగెత్తినయ్. ఆ దారికి రెండు వైపులా గోడలున్నాయి, అడ్డం వచ్చేవాళ్లు లేరు. సోమవారం పొద్దున తిప్పాపూర్ బస్టాండ్ ముందు అట్ల కాదు. పిల్లల్ని చంకనేసుకుని, కోడె తాడు పట్టుకుని భక్తులు రోడ్డు దాటుతుంటారు. గతుకు మీద సడెన్ బ్రేకు వేసినప్పుడు టైరు నేలను వదలకుండా ఉండాలి. స్ప్రింగు, షాకు కొనేది ముందు ఆ ఒక్క క్షణం కోసం, ఇన్‌స్టా రీలు సంగతి తర్వాత.