నడిమివేలు దాటి ఒక్క అక్షరం

‘మృదంగం సోదాహరణ ప్రసంగాల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికి పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్‌గారు. ఇలాంటి సభల్లో వేళ్ల వేగానికే చప్పట్లు ఎక్కువ పడతాయి. ఆ వేగం మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. బెజవాడ సభలో నన్ను కట్టిపడేసింది పక్క కుర్చీలో కూర్చున్న విద్యార్థిని నోటుపుస్తకంలోని ఒక పేజీ.

పైన ‘ఆది, చతురశ్ర నడ, 32’ అని రాసుకుంది. ఆది తాళంలో ఎనిమిది క్రియలు, క్రియకు నాలుగు అక్షరాలు. కింద ‘తధిగిణతొం’ మూడుసార్లు, మధ్యలో రెండేసి అక్షరాల కార్వై, అంటే విరామం. అయిదు, రెండు, అయిదు, రెండు, అయిదు: వెరసి 19. ఇలా మూడుసార్లు వచ్చే ముక్తాయి ముగిసి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, చేరాలంటే ముందు 13 అక్షరాలు వదలాలి. అరచేతి దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు గడిచేసరికి 12 అయిపోతాయి. నడిమివేలు పడ్డాక ఇంకొక్క అక్షరం ఆగి ఎత్తుకోవాలి. ఆ ఒక్క అక్షరం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

ప్రసంగిస్తున్న విద్వాంసుడు ఆ ముక్తాయిని ముందు నోటితో చెప్పారు, తర్వాత తాళం వేస్తూ చెప్పారు, ఆ తర్వాతే మృదంగం మీద చెయ్యి వేశారు. సమం దగ్గర హాలంతా ఒక్కసారే దెబ్బ వేసింది. ‘కార్వై మూడు చేస్తే?’ అని అడిగారు. నా పక్కనున్న అమ్మాయి పుస్తకం వంక చూడకుండానే వేళ్లు మడిచి, ‘పదకొండు వదలాలి మాస్టారూ, ఉంగరపువేలు చివరి అక్షరం’ అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను చూడాలనుకున్న విద్య అదే.

ఈ ఊరికి లయ కొత్త కాదు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి వచ్చింది, సంగీత కళాశాల వచ్చింది, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడ పనిచేశారు. తండ్రి నిడుమోలు రాఘవయ్య దగ్గర, ఆపైన దండమూడి రామమోహనరావు దగ్గర మృదంగం నేర్చిన సుమతిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారికీ వచ్చింది.

రవ్వ ముద్ద
మృదంగాన్ని పనసకర్ర తొలిచి చేస్తారు. కుడివైపు వలంతల మీది నల్లటి కరణి ఎప్పుడూ ఉంటుంది. ఎడమవైపు తొప్పికి మాత్రం కచేరీ ముందు తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అద్ది, అయ్యాక గీకేస్తారు. తొప్పి గుమ్మని పలికేది ఆ ముద్ద బరువుతోనే.

సోదాహరణ ప్రసంగాలు పెట్టే సభలవాళ్లకు ఒక విన్నపం. తని ఆవర్తనానికి, అంటే కచేరీలో మృదంగం విడిగా వాయించే భాగానికి, ఇచ్చే సమయంలో సగమైనా ఇలాంటి ముక్తాయి లెక్కకు ఇవ్వండి. పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, వాళ్ల చేత తాళం వేయించండి.