మూసలో పుట్టిన చాకు

1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు ఒక పత్రం సమర్పించాడు. బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు పంపిన ఉక్కు బిళ్లల మీద చేసిన పరీక్షల వివరాలు అందులో ఉన్నాయి. సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ కోరిక మీద జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో ఒక చిన్న చాకు చేశాడు. లండన్‌లో మేలైన కత్తులకూ శస్త్రవైద్య పరికరాలకూ పేరు పడిన పనివాడు ఆయన. చీకట్లో మాత్రమే కంటికి ఆనే మసక ఎరుపు వచ్చేదాకా ముక్కను కాచి, అంతకు మించనివ్వకుండా సుత్తి దెబ్బలు వేశాడు. గట్టిపరిచాక 450 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో 232 డిగ్రీల సెల్సియస్ దాకా, మళ్లీ వెచ్చజేసి పాకానికి తెచ్చాడు. అక్కడి మంచి ఉక్కు చాకులకు ఏ మాత్రం తీసిపోకుండా తెగిందది. తర్వాతి రోజుల్లో ఆయన తన దుకాణం కార్డు మీద, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్‌లోని అత్యుత్తమ ఉక్కు కన్నా భారతదేశపు ఉక్కునే ఎంచుకున్నానని అచ్చు వేయించుకున్నాడు.

ఇంగ్లిష్ చాకు కథను షెఫీల్డ్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను కావాలనే ఇటు నుంచి వచ్చాను. హైదరాబాద్ హైటెక్ సిటీలో పనిచేసే నా మిత్రులు కొందరికి పాతకాలపు షెఫీల్డ్ చాకులంటే ప్రాణం. ఆదివారం పొద్దున కొండాపూర్‌లో ఎవరో ఒకరి ఫ్లాట్‌లో కలుస్తాం. టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి, తెచ్చినవి తీసి పెడతారు. వారం పొడుగునా అవి ఇంట్లోనే ఉండాలి, ఎందుకంటే ఆఫీసు గేటు దగ్గర స్కానర్ చాకును దాటనివ్వదు. వేసవిలో అయితే బంగినపల్లి పండ్లు, మిగతా కాలమంతా విప్పాల్సిన కొరియర్ పెట్టెలు. ఆ రెండు పనులతోనే వాటి పదును పరీక్ష జరిగిపోతుంది. రోజంతా కీబోర్డు మీద ఆడే వేళ్లు ఆ పూట మాత్రం ఉక్కును తడుముతాయి.

ఆ చాకును చేతిలోకి తీసుకుని చూస్తే అది యంత్రమని తెలుస్తుంది. అలుగు, దాని వెనక ఒక స్ప్రింగు పట్టీ, రెండు పక్కలా పలచటి లోహపు రేకులు, వాటి మీద కొమ్ముతోనో ఎముకతోనో చెక్కతోనో చేసిన పిడి బద్దలు, అన్నింటినీ బిగించిన రెండు మూడు సన్నటి మేకులు. స్క్రూ అన్నది లేదు. ఎడమ చేత్తో పిడి పట్టుకుని, అలుగు మీది గాడిలో బొటనవేలి గోరు ఆనించి లాగాలి. మొదట బిగువుగా ఉంటుంది. అలుగు మొదట్లో చదరంగా ఉన్న భాగం తిరుగుతూ తన మూలతో స్ప్రింగును వెంట్రుకవాసి పైకి నెడుతుంది. ఇంకాస్త లాగితే మూల దాటి చదును భాగం స్ప్రింగు కిందికి వస్తుంది, స్ప్రింగు దాని మీద వాలి ‘టక్’మంటుంది. అలుగు నిలబడిపోతుంది. తాళం లేదు, గొళ్లెం లేదు, వంగిన ఉక్కు నిటారుగా నిలవాలనే పట్టుదల తప్ప. కొన్నింటిలో సగం తెరిచినప్పుడు కూడా ఒకసారి ఆగుతుంది. మంచి పనివాడు చేసిన చాకులో మూసినా, సగం తెరిచినా, పూర్తిగా తెరిచినా స్ప్రింగు వీపు పిడి అంచుతో సమంగా ఉంటుంది. వేలితో రాస్తే ఎక్కడా మెట్టు తగలదు. మా వాళ్లు ముందు చూసేది అదే, తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఆ చప్పుడు వింటారు.

ఇక్కడే ఒక చిక్కుంది. అలుగు పదును నిలవాలంటే గట్టిగా ఉండాలి, స్ప్రింగు మాత్రం వంగి మళ్లీ లేవాలి. గట్టిదనం ఎక్కువైతే స్ప్రింగు విరుగుతుంది, తక్కువైతే ఒకసారి వంగి అలాగే ఉండిపోతుంది. రెండూ ఉక్కే అయినా రెండింటికీ వేరువేరు పాకం కావాలి. థర్మామీటర్ లేని రోజుల్లో పనివాళ్లు దాన్ని రంగుతో పట్టేవాళ్లు. గట్టిపరిచిన ఉక్కును మెరుగు పెట్టి మెల్లగా వెచ్చజేస్తే పైన పలచటి ఆక్సైడ్ పొర కడుతుంది. పొర మందం పెరిగే కొద్దీ కాంతి అందులో వేరువేరుగా ప్రతిఫలించి రంగులు మారతాయి. 220 డిగ్రీల దగ్గర లేత ఎండుగడ్డి రంగు, 250 దగ్గర గోధుమ, 300 దగ్గర నీలం. అలుగును గడ్డిరంగు దగ్గర ఆపేస్తారు, స్ప్రింగును నీలం దాకా పోనిస్తారు. స్టోడార్ట్ ఆగిన 232 డిగ్రీలు సరిగ్గా అలుగుకు తగిన చోటు.

స్ప్రింగు దగ్గరే ఉక్కు చరిత్ర కూడా మలుపు తిరిగింది. 1740ల తొలినాళ్లలో షెఫీల్డ్ పక్కన హ్యాండ్స్‌వర్త్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. అప్పట్లో దొరికే ఉక్కును ఇనుప కడ్డీలను బొగ్గులో రోజుల తరబడి మగ్గబెట్టి చేసేవాళ్లు. పైన కార్బన్ ఎక్కువ, లోపల తక్కువ. అలాంటి దానితో చేసిన గడియారపు స్ప్రింగు ఎక్కడ బలహీనమో ఎవరికీ తెలియదు. హంట్స్‌మన్ ఆ ఉక్కును మట్టి మూసల్లో పెట్టి, కోక్ మంటలో పూర్తిగా కరగబెట్టాడు. కరిగితే కార్బన్ అంతటా సమంగా పరుచుకుంటుంది, మలినాలు పైకి తేలతాయి. షెఫీల్డ్ కత్తుల పనివాళ్లు మొదట దీన్ని ముట్టుకోలేదు, మరీ గట్టిగా ఉందన్నారు. ఆయన ఫ్రాన్స్‌కు అమ్మాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి కత్తులు ఇంగ్లండ్ బజార్లోకి వచ్చాక గానీ వీళ్లకు విలువ తెలిసి రాలేదు. ఆ తర్వాతే షెఫీల్డ్ చాకు ప్రపంచమంతా తిరిగింది. 1822లో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ పనితనం చూపడానికి ఆ సంవత్సరపు అంకెకు సరిపడా 1,822 అలుగులున్న చాకు తయారుచేసింది. 1851 లండన్ మహా ప్రదర్శనకు అదే సంస్థ 75 అలుగులతో చేసిన నార్‌ఫోక్ చాకు ఇప్పటికీ షెఫీల్డ్ కట్లర్స్ హాల్లో ఉంది.

ఐతే మూసలో ఉక్కు కరిగించే పని హంట్స్‌మన్‌తో మొదలు కాలేదు. హైటెక్ సిటీ నుంచి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అది తరతరాలుగా నడిచిన వృత్తి. భూమి కొలతలు తీసే ల్యాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ ఆ కొలుములను దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ వివరణ 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు చోట్ల దొరికే రెండు రకాల ఇనుమును ఒక లెక్క ప్రకారం మూసలో కలిపేవాళ్లు. మూసను మూసేసి, తిత్తులు ఊదుతూ రాత్రీ పగలూ కాచేవాళ్లు. స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. లోపలికి కార్బన్ చేరే కొద్దీ ఆ వేడి అవసరం తగ్గుతుంది. ఒకటిన్నర శాతం చేరితే తిత్తి గాలికి, బొగ్గు మంటకు అందే దూరానికి దిగివస్తుంది. అయినా ఆ మంటకు మూస నిలబడాలి కదా. కుళ్లి పొడిబారిన గ్రానైటు మట్టి, పాత మూసల పొడి, వరి ఊక కలిపి వాళ్లు మూసలు చేసేవాళ్లు. ఊక మాడి మిగిల్చే సిలికా మట్టి గోడకు అస్థిపంజరంలా నిలుస్తుంది. 1980ల్లో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు దక్కన్ మూసల ముక్కలను పరీక్షించి, ఆ మట్టి ఎంత తెలివైన పదార్థమో చూపించారు. హైటెక్ సిటీ ఉన్న మాదాపూర్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ జాతి గ్రానైటే కోనసముద్రంలో కుళ్లి మూసమట్టి అయింది. ఈ మాట చెప్పినప్పుడు మా మిత్రుల్లో ఒకరు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూస్తూ ఉండిపోయారు.

వోయ్‌సీ వెళ్లిన రోజుల్లో ఆ ఊళ్లో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకాయన ఉక్కు కొనడానికి మకాం వేసి ఉన్నాడు. ఇంగ్లండ్‌లోనేమో యువకుడు మైకేల్ ఫారడే, స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కు రహస్యం ఏమిటో పట్టడానికి మిశ్రమాలు చేస్తున్నాడు. అల్యూమినియం వల్ల ఆ గుణం వచ్చిందనుకున్నాడు. అది నిజం కాదు. కార్బన్ ఎక్కువగా ఉండడం, మూసలో మెల్లగా చల్లారడం అసలు కారణాలు. వెనేడియం లాంటి ధాతువుల జాడ కూడా తోడ్పడిందని ఆధునిక పరిశోధకులు చెబుతారు. ఫారడే ఊహ తప్పినా, మిశ్రమ ఉక్కుల మీద పద్ధతిగా సాగిన పరిశోధనకు ఆ ప్రయోగాలే తొలి అడుగులు. ఆ దారిలోనే 1913 ఆగస్టులో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియంతో తుప్పు పట్టని ఉక్కు పోతపోశాడు. ఆయన వెతుకుతున్నది తుపాకి గొట్టాల కోసం, దొరికింది వంటింటి కత్తులకు.

మా వాళ్లకు మాత్రం తుప్పు పట్టే ఉక్కే ఇష్టం. అరటికాయ కోస్తే కత్తిపీట నల్లబడడం మన ఇళ్లలో అందరూ చూసిందే. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి చేసే పని అది. నిమ్మ, మామిడి కోసిన చాకు మీద కూడా బూడిద, నీలం మరకలు మెల్లగా పొరకడతాయి, ఆ పొర ఎర్ర తుప్పును కొంత అడ్డుకుంటుంది. ఆ మరకలు చూసి, ఎవరి ఇంట్లో ఏం కోశారో చెప్పేస్తారు. జూలై వానల్లో మడత దగ్గర ఒక చుక్క నూనె వేయాలి, కోసిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి. మూసేటప్పుడు అలుగును వదిలేయకూడదు, వేలితో ఆపుతూ దించాలి, లేకపోతే వాదర స్ప్రింగుకు తగిలి మొద్దుబారుతుంది. వాడకుండా అద్దాల పెట్టెలో పెడితే మడత బిగుసుకుంటుంది కాబట్టి, ఒకరి చాకు ఒకరు తీసుకెళ్లి నెల రోజులు వాడి తెచ్చివ్వడం వాళ్ల అలవాటు.

చాకు చేతికివ్వడం మన దగ్గర పనికిరాదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో అయితే బహుమతిగా ఇచ్చిన చాకు స్నేహాన్ని కోస్తుందని ఒక పెన్నీ తీసుకుంటారు. కొండాపూర్ టేబుల్ మీద రెండు ఆచారాలూ కలిసిపోయాయి. మొన్న ఒకాయన తన దగ్గరున్న ఎముక పిడి చాకును తువ్వాలు మీద పెట్టి నా వైపు జరిపారు. “రూపాయి పెట్టు అన్నా, ఊకె తీసుకోవద్దు” అన్నారు. పెట్టాను. ఆ రూపాయి పెట్టిన క్షణం నాకు ఎంతో విలువైనది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట గట్టిగానే ఉంటుంది. పాత షెఫీల్డ్ చాకుల కొమ్ము పిడుల్లో చాలావాటికి మన అడవుల కణుజు జింక కొమ్ములే ముడిసరుకు. 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది, మంచి పని చేసింది. కొమ్ము పిడి మోజు వదిలి ఎముకతోనో చెక్కతోనో సరిపెట్టుకోవాలి. అక్కడ షెఫీల్డ్‌లో చేత్తో చేసేవాళ్లు కొద్దిమందే మిగిలారు. 14 ఏళ్లకే ఇబర్సన్ కార్ఖానాలో చేరి జీవితమంతా స్ప్రింగు చాకులే చేసిన స్టాన్ షా 2021లో కన్నుమూశారు. ఇక్కడ మన మూసల కొలుములు 19వ శతాబ్దం దాటి ఎక్కువ కాలం నిలవలేదు, కార్ఖానాల చవక ఉక్కు ముందు ఓడిపోయాయి. 2010లో బెంగళూరు నియాస్ సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేసి, పాత కొలుముల చోట్లు ఎన్నో నమోదు చేశాయి. చిట్టెం కుప్పలు, మూసల ముక్కలు ఇంకా చేలల్లో, చెరువు కట్టల మీద ఉన్నాయి. ట్రాక్టర్లు వాటిని చదును చేసేస్తున్నాయి, రోడ్లకు నింపుడు మట్టిగా తోలేస్తున్నారు. నిజామాబాద్, జగిత్యాల వైపు మీ ఊరి పొలంలో ఒక పక్క గాజులా మెరిసే నల్లటి మట్టి గిన్నె ముక్క కనిపిస్తే తీసి పారేయకండి, ఇంటికీ తీసుకెళ్లకండి. ఉన్నచోటే ఉంచి, ఫోటో తీసి, తెలంగాణ వారసత్వ శాఖకు తెలియజేయండి.