తమిళం చేరింది, హిందీ చేరింది.. తెలుగు ఎప్పుడు? ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో మన వాటా

రేషన్ బియ్యం, ఆసరా పింఛను, కులం సర్టిఫికెట్, ఉపాధి కూలి, పట్టా పాసుపుస్తకం.. వీటిలో ఏది అందాలన్నా ముందు మన పేరు ఒక డేటాబేస్‌లో ఉండాలి. ఒకప్పుడు పట్వారీ దస్తరంలో ఉన్న రాత ఇప్పుడు కంప్యూటర్ పట్టికల్లోకి మారింది. దస్తరం ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉండేదని మన తాతలకు బాగా తెలుసు. మరి ఈ కొత్త దస్తరం ఎవరి చేతిలో ఉంది? దాన్ని ఎవరు తయారుచేస్తున్నారు? ఆ తయారీలో మనకు చోటుందా?

ఒక గడి పోతే ఏం పోతుంది?

2020 అక్టోబర్ 29న తెలంగాణలో ధరణి పోర్టల్ మొదలైంది. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. ధరణి రికార్డులో అది లేకుండా పోయింది. భూమి దున్నుతున్న కౌలు రైతు, సాదాబైనామా మీద కొనుక్కున్న దళిత రైతు రికార్డుకు కనబడకుండా పోయారు. 2018లో మొదలైన రైతుబంధు సైతం పట్టాదారుకే అందింది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరుచుకుంది. కానీ మధ్యలో గడిచిన ఏళ్లు మనకు ఒక పాఠం చెప్పాయి. పట్టికలో గడి ఉంచాలా తీసేయాలా అన్నది సాంకేతిక విషయంగా కనిపిస్తుంది కానీ అది అధికారానికి సంబంధించిన విషయం.

సిద్దిపేటకు ఇది మరీ దగ్గరి సంగతి. 2016 అక్టోబర్ 11న పాత మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలాలను కలిపి ఈ జిల్లా చేశారు. మల్లన్నసాగర్ కింద ఊళ్లకు ఊళ్లే పోయాయి. ఊరే లేని చోట మనిషికి మిగిలేది రికార్డులోని పేరే.

పైన గడులు, కింద ఇంజను

ఇక్కడ రెండు పొరలున్నాయి. ఏ గడులు ఉండాలి, ఎవరి పేరు ఎక్కాలి అని తేల్చేది ప్రభుత్వం. దానికింద ఆ గడులను దాచి, వెతికి, సరిపోల్చి పెట్టే ఇంజను ఉంటుంది. దాన్నే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఒరాకిల్ లాంటి కంపెనీలు తమ ఇంజన్లను డబ్బుకు అమ్ముతాయి, లోపలి కోడ్‌ను బయటపెట్టవు. పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ లాంటివి ఓపెన్ సోర్స్. వాటి కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇంజను ఓపెన్ అయినంత మాత్రాన అందులోని సమాచారం న్యాయంగా ఉంటుందని కాదు. ఓపెన్ సోర్స్ ఇంజను మీద సైతం అనుభవదారు గడి లేని పట్టిక కట్టొచ్చు. కానీ ఇంజను ఎలా వెతుకుతుంది, ఏ భాషను అర్థం చేసుకుంటుంది అన్న నిర్ణయాలు అక్కడ అందరి ముందు జరుగుతాయి. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీని గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో మస్టర్ రోల్‌ను ఊరి ముందు చదివి వినిపించినప్పుడు, చేయని పనికి ఎవరి పేరు ఎక్కిందో, చేసిన పనికి ఎవరి కూలి తగ్గిందో కూలీలే పట్టుకున్నారు. దాచిన కాగితం మీద ఆ పని జరిగేది కాదు.

నిర్ణయాలు ఎలా జరుగుతాయి?

పోస్ట్‌గ్రెస్ మూలాలు 1986లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఉన్నాయి. 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో నడుస్తోంది. దీనికి యజమాని కంపెనీ లేదు. మార్పు కావాలనుకున్నవాళ్లు ఆ మార్పును రాసి అందరికీ పంపుతారు. దాన్నే ప్యాచ్ అంటారు. మిగతావాళ్లు అందులో తప్పులు వెతుకుతారు, వాదిస్తారు, తిప్పి పంపుతారు. ఏడాదిలో ఐదుసార్లు కమిట్‌ఫెస్ట్ పేరుతో పెండింగ్ ప్యాచ్‌లను ముందేసుకుని చూస్తారు. తన ప్యాచ్ చూడమన్నవాళ్లు ఇంకొకరి ప్యాచ్ చూసిపెట్టాలన్నది అక్కడి ఆనవాయితీ. చివరకు కోడ్‌లో చేర్చే అధికారం మాత్రం కమిటర్లనే కొద్దిమందికి ఉంటుంది.

నలుగురికీ ఎలా తెలియజేయాలన్నదాని మీద వాళ్లలో వాళ్లకే వాదనలు నడిచాయి. పేరు నోరు తిరగడం లేదు, 'పోస్ట్‌గ్రెస్' అని కుదించాలని చాలామంది పట్టుబట్టారు. 2007లో పాత పేరునే ఉంచి, పొట్టి పేరును సైతం ఒప్పుకున్నారు.

యజమాని ఉంటే ఏమవుతుందో మైఎస్‌క్యూఎల్ కథ చెబుతుంది. 2008లో దాన్ని సన్ కంపెనీ 100 కోట్ల డాలర్లకు కొన్నది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఆ అమ్మకం నడుస్తుండగానే, దాన్ని తయారుచేసినవారిలో ముఖ్యుడైన మోంటీ వీడెనియస్ 2009లో అదే కోడ్‌తో మరియాడీబీని మొదలుపెట్టారు. కంపెనీ చేతులు మారినా కోడ్ మీద జనం హక్కు పోలేదు. ఓపెన్ లైసెన్సు బలం అదే.

మన భాష అక్కడ ఎక్కడుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాసిన పాఠంలో మాట వెతకడానికి పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఏర్పాటుంది. మాట చివరి ప్రత్యయాలను తీసేసి మూలాన్ని పట్టుకునే సూత్రాలను స్టెమ్మర్ అంటారు. ఈ సూత్రాలు స్నోబాల్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి వస్తాయి. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో తమిళం, నేపాలీ చేరాయి. 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో హిందీ చేరింది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 18వ వెర్షన్‌లో ఎస్తోనియన్ చేరింది. అది మాట్లాడేవాళ్లు సుమారు పది లక్షల మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్లకు పైనే. ఆ జాబితాలో తెలుగు లేదు.

దీనివల్ల ఏం నష్టం? ఒక దళిత సంఘం తన జిల్లాలోని అసైన్డ్ భూముల కేసులు, జీవోలు, గ్రామసభ తీర్మానాలు డేటాబేస్‌లో పెట్టుకుందనుకుందాం. 'భూమి' అని వెతికితే 'భూములను', 'భూముల్లో' అని ఉన్న కాగితం సాధారణంగా బయటపడదు. 'కూలి' అంటే 'కూలీలకు' దొరకదు. కాగితం ఉండి కూడా లేనట్టే.

పేర్ల సంగతి ఇంకా ముఖ్యం. 'మైసయ్య'లోని ఐత్వాన్ని కంప్యూటర్ రెండు రకాలుగా దాచుకోగలదు. ఒకే గుర్తుగా దాచొచ్చు, లేదా ఎత్వం, దాని కింద మరో గుర్తు కలిపి దాచొచ్చు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి ఇద్దరు వేరు వేరు మైసయ్యలు. వీటిని ఒకటి చేసే ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్‌లో, 2020లో వచ్చింది. అయితే పట్టిక కట్టేవాళ్లకు ఆ సంగతి తెలిసి వాడితేనే ఫలితం. ఇంగ్లిషులో ఎక్కించినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎల్లయ్య పేరును ఒక ఆఫీసులో 'వై' అక్షరంతో మొదలుపెడతారు, ఇంకో ఆఫీసులో 'ఈ' అక్షరంతో. ఆధార్‌లో ఒకటి, పాసుపుస్తకంలో ఒకటి పడితే ఆ తేడాను సరిచేసుకునే భారమంతా ఎల్లయ్య మీదే పడుతుంది. తప్పు రాసినవాళ్లకు ఒక్కరోజు కూలి పోదు.

తలుపు తెరిచే ఉంది, కానీ..

ప్యాచ్ పంపేవాళ్లను కులం అడగరు, డిగ్రీ అడగరు. ఇది చిన్న విషయం కాదు. కానీ తలుపు తెరిచి ఉండటం వేరు, లోపలికి వెళ్లగలగడం వేరు. చర్చంతా ఇంగ్లిషులో నడుస్తుంది. జీతం లేకుండా నెలల తరబడి పని చేయడానికి తీరిక కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కువ పని చేసేవాళ్లలో చాలామందికి ఏదో ఒక కంపెనీ జీతం ఇస్తుంది. సాయంత్రం పార్ట్‌టైం పనికి పోయే హాస్టల్ విద్యార్థికి ఆ తీరిక ఎక్కడిది? వివక్ష సముద్రం దాటి వెళ్లిందన్నదీ నిజమే. అనేక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడే కంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే ప్రవర్తనా నియమావళి, 2021 నాటి 2.1 వెర్షన్‌లో జాతి పక్కన కులాన్ని కూడా చేర్చింది.

మహాడ్ చెరువును తలుచుకుందాం. ప్రజా చెరువులు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును తెరిచింది. కాగితం మీద చెరువు అందరిదే అయింది. మన చేతికి నీళ్లు అందింది మాత్రం 1927 మార్చి 20న, అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లాకే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగు స్టెమ్మర్ రాయడానికి కోడ్ కంటే ముందు కావాల్సింది తెలుగు. ఏ మాటకు ఏ ప్రత్యయాలు చేరతాయో జాబితా కావాలి. అందులో మన ఊళ్ల మాట ఉండాలి. 'ఊరిలో' అనే పుస్తకపు రూపానికే సూత్రం రాస్తే, 'ఊళ్లె' అని చెప్పుకున్న మన వాంగ్మూలం మళ్లీ బయటే ఉండిపోతుంది. సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ కాలేజీల్లో డీబీఎంఎస్ చదివే పిల్లలు, తెలుగు చెప్పే అధ్యాపకులు కలిసి కూర్చుంటే ఈ జాబితా తయారవుతుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పోస్ట్‌గ్రెస్ చాలా ఏళ్లుగా పాల్గొంటోంది. ఎంపికైనవాళ్లకు భృతి ఉంటుంది. సీనియర్ల తోడు దొరుకుతుంది. 2023లో సిద్దిపేటలో ఐటీ టవర్ తెరిచారు. అక్కడి ఉద్యోగాల్లో మనవాళ్లు ఎంతమంది అని అడుగుదాం, వారానికి ఒక సాయంత్రం ఇలాంటి పనికి గది ఇవ్వమని సైతం అడుగుదాం.

సంఘాలు చేయగలిగిన పని ఇంకొకటుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, వాడకపోతే కారణం చెప్పాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. మన భూమి, మన పింఛను ఉన్న వ్యవస్థ ఏ ఇంజను మీద నడుస్తోంది, తెలుగు పేర్లను ఎలా సరిపోల్చుతోంది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. పది రూపాయల ఫీజు, ఒక తెల్ల కాగితం చాలు. తెల్ల రేషన్ కార్డున్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు.