జూన్ ఆ ట్రక్కు ఎందుకు ఎక్కలేదు?

ట్రక్కు వచ్చి ఆగింది. ఎక్కితే కెనడా దారి పట్టినట్టే. జూన్ చేతిలో రోజుల పసికందు. ఆ పాపను ఎమిలీ అనే తోటి బందీకి అప్పగించి, నికోల్ అని పిలవమని చెప్పి, తలుపు వేసేసింది. తాను మాత్రం ఎక్కలేదు. ఏ నరకం నుంచి బయటపడాలని రెండు సీజన్లుగా పెనుగులాడిందో మళ్లీ అందులోకే నడిచింది.

‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ రెండో సీజన్ 2018 జులైలో ఇలా ముగిసింది. ఆ ఒక్క నిర్ణయం మీద చాలా దేశాల ప్రేక్షకులు రెండుగా చీలి వాదించుకున్నారు. మా ఇంట్లో నాకూ మా చెల్లెలికీ ఆ వాదన ఇంకా తెగలేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా. కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 1985లో రాసిన నవల దీనికి మూలం. అమెరికాలో పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోతుంది. ఒక మతోన్మాద దళం ప్రభుత్వాన్ని కూల్చి గిలియడ్ అనే రాజ్యం పెడుతుంది. ఆడవాళ్లకు చదువు లేదు, డబ్బు లేదు. బిడ్డను కనగలిగిన స్త్రీల సొంత పేరు తీసేసి, ఎర్ర గౌను, తెల్ల టోపీ తొడిగి కమాండర్లనే అధికారుల ఇళ్లకు పంచుతారు. వాళ్లు కన్న బిడ్డ యజమానురాలిది. జూన్ వాళ్లలో ఒకరు. భర్త ల్యూక్ కెనడా చేరుకున్నాడు. పెద్ద కూతురు హన్నాను లాక్కుని ఒక అధికారి కుటుంబానికి ఇచ్చేశారు. ఎలిజబెత్ మాస్ జూన్‌గా నటించిన ఈ సీరియల్‌ను హులు 2017లో మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అందుకుంది. స్ట్రీమింగ్ సంస్థకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఇక మా చెల్లెలి వాదన. ‘‘అక్కా, పాలు తాగే బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి ఏ తల్లైనా ఆగిపోతుందా? ముందు తను బయటపడాలి. మొగుడితో కలిసి పెద్దదాని కోసం బయటి నుంచి పోరాడొచ్చుగా! సీజన్ పొడిగించాలి కాబట్టి దాన్ని ఆపేశారు, అంతే.’’

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. అయితే నేను నాటిక పోటీలకు న్యాయనిర్ణేతగా వెళుతుంటాను. అక్కడ ప్రదర్శన అయ్యాక జరిగే చర్చల్లో ఒక తికమక తరచూ చూస్తాను. ‘ఆమె అలా చేసి ఉండకూడదు’ అనేది ఒక మాట. ‘ఆమె అలా చేసే మనిషి కాదు’ అనేది వేరే మాట. మొదటిది మంచిచెడ్డల గురించి, రెండోది రచన గురించి. పాత్ర తప్పు చేయడం రచనలో లోపం కాదు. తన స్వభావంలో లేని పని చేస్తేనే లోపం.

జూన్ ఆగిపోయే మనిషేనా? అదే సీజన్ పదో ఎపిసోడ్ చూడండి. మంచు కప్పేసిన చోట, ఎవరూ లేని ఒక పెద్ద ఇంట్లో ఆమెకు హన్నాను పది నిమిషాలు చూపిస్తారు. పిల్ల మొదట దగ్గరికి రాదు. వచ్చాక, నన్ను వెతకడానికి ఇంకా గట్టిగా ఎందుకు ప్రయత్నించలేదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తల్లి దగ్గర జవాబేముంటుంది? సమయం అయిపోగానే పిల్లను కారెక్కించి తీసుకుపోతారు. తర్వాత మూడు ఎపిసోడ్లకే ట్రక్కు వస్తుంది. చిన్నది ఎమిలీతో క్షేమంగా దాటిపోతోంది. తనూ ఎక్కితే హన్నాను ఇంకోసారి వదిలేసి పోయినట్టు. అది తెలివైన నిర్ణయమని నేను అనను. చేతిలో ఆయుధం లేదు, పథకం లేదు. కానీ ఆ అడుగు జూన్‌దే. దాన్ని రచయితలు ముందే సిద్ధం చేశారు.

పైగా ఇది గాల్లోంచి పుట్టిన కల్పన కూడా కాదు. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఆ నవలలో పెట్టకూడదని అట్‌వుడ్ నియమం పెట్టుకున్నారు. అర్జెంటీనా సైనిక పాలకులు 1976 నుంచి 1983 దాకా నిర్బంధంలో ఉన్న స్త్రీలకు పుట్టిన బిడ్డలను తీసేసుకుని, చాలామందిని తమకు అనుకూలమైన కుటుంబాలకు ఇచ్చేశారు. మాయమైన కొడుకులు, కూతుళ్ల కోసం తల్లులు 1977 ఏప్రిల్‌లో బ్యూనస్ ఎయిరెస్‌లో అధ్యక్ష భవనం ఎదుటి ప్లాజా డి మాయో కూడలికి చేరారు. వారానికో రోజు, గురువారం, అక్కడ మౌనంగా తిరిగేవారు. వాళ్లను కూడగట్టిన అసుసెనా విల్యాఫ్లోర్‌ను ఆ డిసెంబరులోనే ఎత్తుకెళ్లి చంపేశారు. మిగతావాళ్లు మానలేదు. నిర్బంధంలో పుట్టిన మనవల కోసం బామ్మలు విడిగా సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికి 130 మందికి పైగా మనవలు దొరికారు. బిడ్డ కోసం ఆ నేల మీదే నిలబడిన తల్లులు నిజంగానే ఉన్నారు.

ఆ తల్లులు మూల్యం చెల్లించారు. జూన్ విషయంలో నాకు పట్టింపు ఉన్నది సరిగ్గా ఇక్కడే. నిరంకుశ రాజ్యం గురించి కథ రాసేవారికి అతి ముఖ్యమైన బాధ్యత, ఆ రాజ్యం వేసే శిక్ష మీద ప్రేక్షకుడికి నమ్మకం సడలకుండా చూడటం. మొదటి రెండు సీజన్లలో ఆ నమ్మకం గట్టిగా ఉంది. జూన్‌ను దాచిన డ్రైవర్ ఒమర్‌ను ఉరితీసి గోడకు వేలాడదీశారు. అతని కొడుకును వేరేవాళ్లకు ఇచ్చారు, భార్యకు ఎర్ర గౌను తొడిగారు. అందరి ముందూ బైబిల్ చదివినందుకు సాక్షాత్తూ కమాండర్ భార్య సెరీనాకు వేలు నరికారు. పారిపోయి దొరికిన జూన్‌ను చంపకపోవడానికి కారణం ఆమె గర్భం. గిలియడ్‌కు బిడ్డే సర్వస్వం కాబట్టి అదీ సబబుగానే అనిపించింది.

మూడో సీజన్‌లో ఈ లెక్క తప్పింది. జూన్ హన్నాను వెతుక్కుంటూ వెళితే, హన్నాను పెంచిన పనిమనిషి ఫ్రాన్సెస్‌ను ఉరితీస్తారు. జూన్‌కు ఏమీ కాదు. ఆమె ఒక పెద్ద కమాండర్‌నే చంపుతుంది. మార్తాలు, అంటే ఇళ్లలో వంటపని చేసే స్త్రీలు, రక్తపు మరకలు తుడిచి శవాన్ని మాయం చేస్తారు. ఆ తర్వాత 86 మంది పిల్లలను విమానంలో కెనడా పంపించేస్తుంది. ఆ దృశ్యం చూసి నేనూ కన్నీళ్లు పెట్టుకున్నాను. అయినా అడగాల్సింది అడగాలి. అక్షరం చదివితే వేలు తీసే రాజ్యం, ఇంత జరుగుతున్నా ఈ ఒక్క మనిషిని ఎలా వదిలేసింది? ఆమె సాహసానికి మూల్యం పక్కవాళ్లు చెల్లిస్తూ పోతే చూసేవాడికి భయం పోతుంది. భయం పోయాక గిలియడ్ వట్టి సెట్టింగే. దీనికి పాత్రను తప్పుపట్టడం అన్యాయం. ఈ లోపం కథ అల్లినవారిదే.

జూన్ ప్రేమించిన నిక్ సంగతీ ఇలాంటిదే. ఆఖరి సీజన్‌లో అతను తిరుగుబాటుదారుల పథకాన్ని మామగారికి చెప్పేయడం, చివరికి కమాండర్ల విమానంలో కలిసి ఎగిరిపోవడం చాలామందిని బాధపెట్టింది. కానీ గిలియడ్ కోసం పోరాడినవాడే అతను, దాని గూఢచారే. బతకడం కోసం బలవంతుడి పక్షాన చేరడం అతనికి కొత్త కాదు. రచయితల నిర్ణయం సరైనదే. దాన్ని చూపించడానికి మాత్రం చాలినంత సమయం తీసుకోలేదు.

ఇంకో చిక్కు బయటి నుంచి వచ్చింది. అట్‌వుడ్ 2019లో ‘ది టెస్టమెంట్స్’ అనే కొనసాగింపు నవల రాశారు. అందులో ఆ పెద్ద కూతురు ఆగ్నెస్ అనే పేరుతో గిలియడ్‌లోనే పెరుగుతుంది. సీరియల్‌లో తల్లి ఆమెను విడిపించేస్తే ఆ రెండో కథకు చోటుండదు. 66 ఎపిసోడ్ల తర్వాత 2025 మేలో సీరియల్ ముగిసేసరికి హన్నా ఇంకా గిలియడ్‌లోనే ఉంది. ఆ రాత్రి ఏ బిడ్డ కోసం ఆగిందో ఆ బిడ్డ దక్కలేదు కాబట్టి ఆగడమే తప్పని మా చెల్లెలు అంటుంది. నేను ఒప్పుకోను. ట్రక్కు పక్కన నిలబడిన జూన్‌కు ఆ ముగింపు తెలియదు.

మీరూ ఈ సీరియల్ మొదలుపెడితే ఒక్కటే కోరతాను. రెండో సీజన్ పదో ఎపిసోడ్‌ను మనసు పెట్టి చూడకుండా పదమూడో ఎపిసోడ్ మీద తీర్పు చెప్పకండి.